పెద్దావిడ చెల్లెలు

ఆ పొద్దున గుండీ మూర్ఛ మాత్ర మింగలేదు. రుమాలు కొసకు ముడివేసి నడుముకు దోపుకుంది.

చొక్కాల ఫ్యాక్టరీలో గుండీలు కుడుతుంది కాబట్టి ఆ పేరు. వచ్చే నెలలో బస్సు కండక్టరుతో పెళ్ళి. మూర్ఛ సంగతి అతనికి తెలియదు. ఆ మాత్ర కడుపులో బిడ్డకు చేటని పక్క మిషను ఆవిడ అంది. అందుకే తనంతట తానే మానేద్దామనుకుంది.

ఎవరినైనా అడగవచ్చు కదా అంటే, అడగకూడదు. పట్నం పుట్టకముందు నుంచీ అక్కడున్న కొండజాతి వాళ్ళది. వాళ్ళలో కాపురం, కడుపు లాంటి మాటలు అమ్మ ముందు ఎత్తరు, అక్క ముందు ఎత్తరు. అమ్మమ్మల దగ్గరైతే ఏ మాటైనా చెల్లుతుంది. గుండీకి సొంత అమ్మమ్మ లేదు. వాడకంతటికీ పెద్దావిడ ఒకావిడ ఉంది కానీ, ఆవిడకు బ్రహ్మచెవుడు. ఆవిడకు గుట్టు చెప్పడమంటే వాడంతా టముకు వేయించడమే.

పెళ్ళీడు పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పమని ఆరోగ్య కేంద్రం ఒక నర్సును పంపింది. "నన్ను అక్క అనుకోండి," అందావిడ. ఒక్కరు నోరు మెదిపితే ఒట్టు. రెండో నర్సు "మీ అమ్మలాంటిదాన్ని," అంది. మరుసటి వారం కుర్చీలు మాత్రమే హాజరయ్యాయి.

మూడోసారి కేంద్రం నుంచి అమ్మమ్మ వచ్చింది. పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుని, "ఇది నా చెల్లెలు," అని గుమ్మం గుమ్మానికీ తిప్పి చెప్పింది. ఆవిడ చెల్లెలంటే కుర్రకారుకు అమ్మమ్మే కదా. ఇక గది చాల్లేదు.

"సిగరెట్టు మేమెందుకు మానాలి అమ్మమ్మా? కడుపు మోసేది ఆడాళ్ళేగా?" అన్నాడు లారీ క్లీనరు.

"సగం సరుకు నీదే కదరా మనవడా. పొగచూరింది పంపిస్తావా?"

గది గొల్లుమంది.

"మరి నీ పెళ్ళికి ముందు రక్తపరీక్ష చేయించుకున్నావా అమ్మమ్మా?"

"నా పెళ్ళి ఊసెత్తారంటే వీపు విమానం మోతే."

అందరూ వెళ్ళినా గుండీ కదల్లేదు. అమ్మమ్మ లేచి తలుపు చేరవేసింది. మాట బయటికి పోకుండా, లొడలొడలాడే ఫ్యాను జోరు పెంచింది.

గుండీ రుమాలు ముడి విప్పి, ఉన్నదంతా చెప్పింది.

"ముందు మింగు," అంటూ అమ్మమ్మ నీళ్ళు అందించింది. "ఉన్నట్టుండి మానితే నీ ప్రాణానికే ముప్పు. మందు మార్చాలో వద్దో డాక్టరు చూస్తాడు. కడుపు రాకముందే అడిగావు, మంచిపని చేశావు. రేపు నేనూ నీతో వస్తా."

"మరి కండక్టరుకి?"

"ఇద్దరం కలిసి చెబుదాం. కాదన్నాడా, వచ్చే స్టాపులో దింపేద్దాం."

గుండీ మాత్ర మింగింది. నవ్వు ఆపుకోలేక కొంచెం పొలమారింది.

అంతలో బల్ల మీద ఫోను మోగింది. అమ్మమ్మ ఒక చేత్తో గుండీ తల మీద తడుతూ, రెండో చేత్తో స్పీకరు నొక్కింది.

"ఈ సంబంధమైనా కాదనకే తల్లీ, ఇరవై మూడేళ్ళొచ్చాయి నీకు," అంది అమ్మమ్మ వాళ్ళమ్మ.