మూడో మేకు

వంతెన కొట్టుకుపోయిన వరదకి ఆరో ఏడు అది. పాత కాగితం పటాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించమని సర్వే ఆఫీసుకి పైనుంచి ఆర్డరు వచ్చింది.

ఎక్కించడమంటే ఫోటో తీసి ఊరుకోవడం కాదు. పటంలో ఉన్న గుర్తు నేల మీద సరిగ్గా ఎక్కడుందో కంప్యూటరుకి చెప్పాలి. గోడకి గుడ్డ తగిలించినట్టే. మేకులు కావాలి. కనీసం మూడు.

ఏటిగట్టు పటానికి రెండే దొరికాయి. ఒకటి కొండ మీది సర్వే రాయి, రెండోది రైలు స్టేషను మూల. మిగతా గుర్తుల్లో వంతెన ఏట్లో పోయింది. నాలుగు రోడ్ల కూడలిని వెడల్పు చేశారు. పాత దీపస్తంభాన్ని ఎవరో ఇనుము కింద అమ్ముకున్నారు.

"ముప్పై ఏళ్ళుగా చోటు కదలనిది ఈ ఊళ్ళో ఒక్కటే ఉంది సార్" అంది కంప్యూటరమ్మాయి. "మన పెద్ద గుమాస్తాగారు."

పెద్ద సారు నవ్వలేదు. పటం నెలాఖరుకి పూర్తి కావాలి. అది పూర్తయితే, ఏటికి వంద గజాల లోపు ఉన్న కట్టడాలన్నీ తీసెయ్యాలి. గట్టు వీధిలో ముప్పై రెండు ఇళ్ళవాళ్ళు ప్రాణాలు అరచేత పట్టుకుని కూర్చున్నారు.

ఆ వీధిలోనే గొలుసు తాత ఇల్లు. ఉద్యోగమంతా కొలత గొలుసు లాగి రిటైరయ్యాడు. రోజుకి పది మాటలు మించి ఖర్చు పెట్టడు. సారు ఆయన్ని పిలిపించాడు.

"ఏటి పక్కన నలభై ఏడో నంబరు రాయి ఉన్నట్టు పటంలో ఉంది తాతా. మావాళ్ళు రెండు రోజులు తుప్పలన్నీ దులిపారు. నీకేమన్నా తెలుసా?"

"తెలుసు."

"అయితే పద, చూపిద్దువుగాని."

"ఇవాళ కాదు. రేపు."

"ఏం, ఇవాళ రాయి ఇంట్లో లేదా?"

తాత లేచి ఇంటిదారి పట్టాడు.

ఇంటికొస్తే ముసలమ్మ గుమ్మంలోనే ఆపింది.

"మన కొంప కూల్చేవాళ్ళకి రాయి చూపిస్తానన్నావట. కూర్చున్న కొమ్మ నరుక్కునేవాణ్ణి ఇన్నాళ్ళకి కళ్ళారా చూస్తున్నా."

"ఊఁ."

"ఆ 'ఊఁ' తోనే నలభై ఏళ్ళు కాపురం చేశాను" అంటూ లోపలికెళ్ళిపోయింది.

మర్నాడు తాత నడుం పట్టుకుని ముందు నడిచాడు. వెనక సారు, అమ్మాయి, ఆమె భుజాన శాటిలైట్ మిషను. ముళ్ళతుప్పల మధ్య రాయి ఉంది. పక్కన చెక్కిన బాణం గుర్తు, దాని కింద 47. పైభాగం మాత్రం అద్దంలా నున్నగా ఉంది.

"చూశావా, ఎండకీ వానకీ ఎలా అరిగిపోయిందో" అన్నాడు సారు.

"మొన్న మనవాళ్ళు ఇక్కడ కూడా వెతికారు సార్."

"వెతకడం వేరు, చూడడం వేరమ్మా. పాతకాలం వాళ్ళ కళ్ళే వేరు."

మధ్యాహ్నానికి మూడో మేకు దిగింది. కంప్యూటరు లెక్క కట్టింది. తప్పు: సున్నా.

"మూడే గుర్తులుంటే ఎప్పుడూ సున్నాయే వస్తుంది సార్. నాలుగోది ఉంటేనే తేడా బయటపడేది."

"సున్నా వచ్చాక నాలుగోది ఎందుకు, దాన్ని పాడుచెయ్యడానికా?"

సారు సంతకం పెట్టి సున్నాని పైకి పంపించేశాడు. గంటలో అభినందనలు వచ్చాయి.

అప్పుడు తీరిగ్గా పటాన్ని ఊరి శాటిలైట్ ఫోటో మీద పరిచి, పటంలోని ఏటికి వంద గజాల గీత గీశారు. గట్టు వీధి మొత్తం గీతకి అవతల పడింది. ఒక్క గడప కూడా చిక్కలేదు. ఎదురు గట్టున ఉన్న సర్వే ఆఫీసు మాత్రం సరిగ్గా ఏటి నడిమధ్యకి వచ్చింది.

"సార్, మన కుర్చీల కింద రెండు నిలువుల నీళ్ళున్నాయి."

సారు కాళ్ళు పైకి తీసుకున్నాడు. తర్వాత గుర్తొచ్చి మళ్ళీ దించాడు.

"ఇదేదో తప్పులా ఉందే?"

"తప్పు సున్నా అని మీరే సంతకం పెట్టారు సార్."

సారు చాలాసేపు కిటికీలోంచి ఏటిని చూశాడు. పటాన్ని చూశాడు. మళ్ళీ ఏటిని చూశాడు.

"పటం అబద్ధమాడదు. ఆఫీసే తప్పు చోట కట్టారు" అని తేల్చి, కొత్త భవనం కావాలని అర్జీ రాయించాడు.

కబురు తెలిసి సాయంత్రానికి వీధంతా తాత గుమ్మం ముందు చేరింది. ఎవరేం అడిగినా తాత 'ఊఁ' దాటలేదు.

"ఏరు దూరం జరిగిందటగా" అంది ముసలమ్మ. "ఇక నీళ్ళకి నువ్వే వెళ్ళు."

మర్నాడు పొద్దున్నే తాత గడ్డపారతో ఆ రాయిని పెకలించి, తోపుడు బండి మీద ఇంటికి తెచ్చి, పెరట్లో ఆరేళ్ళుగా ముసలమ్మ బట్టలుతుకుతున్న చోటే మళ్ళీ దించాడు.