ఏడో బొమ్మకి ఎంత గుడ్డ?

“ఆరు బొమ్మలా, ఏడు బొమ్మలా? ముందు అది తేల్చండమ్మా. గుడ్డ లెక్క తర్వాత చూద్దాం,” అంది కత్తెరమ్మ.

దారాలూ సూదులూ అమ్మే ఆ కొట్టావిడకి వీధి వీధంతా కలిసి పెట్టిన పేరది. చేతిలో కత్తెర కన్నా నోట్లో ఉన్నదే పదునని దానర్థం.

గళ్ళ కాగితం బల్ల మీద పరిచి నిలబడ్డ పెద్దావిడ కళ్ళజోడు సవరించుకుంది. కాగితం మీద ఒక కుటుంబం వరసగా నిలబడి ఉంది. ఆరు బొమ్మలకి రంగులు వేసి ఉన్నాయి. కుడిపక్క చివర ఏడోది మాత్రం పెన్సిలుతో గీసి, చెరిపి, మళ్ళీ గీసినట్టుంది.

“మా పెద్దాడు ఇల్లు కట్టుకున్నాడమ్మాయ్. హాల్లో గోడకి పెట్టుకుంటాడని క్రాస్ స్టిచ్ కుడదామనుకున్నాను. చిన్నది ఫోన్లో ఫొటో పంపితే చూసి గీశాను.”

“ఎవరెవరు వీళ్ళంతా?”

“ఇది పెద్దాడు, ఇది కోడలు, మధ్యలో బుడంకాయలా ఉన్నది మనవడు. ఈ చివర చిన్నది. ఆ చివర వాళ్ళ నాన్న. పక్కన వాళ్ళ పిన్ని.”

“పిన్నా? అంటే మీరా?”

“పెంచిన తల్లి. కన్నది కాదు.”

కత్తెరమ్మ చేతిలో టేపు వదిలేసి, పెద్దావిడకి స్టూలు జరిపింది. గొంతు కూడా మెత్తబడింది.

“కూర్చోండమ్మా. నాదీ అదే కథ. మా ఆయన మొదటి భార్య కొడుకుని ముక్కు తుడిచే వయసు నుంచీ పెంచాను. వాడికి జ్వరమొస్తే నాకు నిద్రుండేది కాదు. అయినా ఊళ్ళోవాళ్ళకి నేను సవతి తల్లినే. మనలాంటివాళ్ళ కష్టం కన్నవాళ్ళకేం తెలుస్తుంది?”

పెద్దావిడ స్టూలు మీద కూర్చుంది.

“మరి ఈ పెన్సిలు బొమ్మ?”

“కన్నతల్లి. చిన్నదానికి సరిగా మాటలైనా రాకముందే ఇల్లు వదిలి వెళ్ళిపోయింది.”

“పిల్లల్ని వదిలేసా! అలాంటిదానికి గోడ మీద చోటెందుకమ్మా?” కత్తెరమ్మ టేపు మళ్ళీ అందుకుంది. “సరే, లెక్క చెప్తా వినండి. ఒక్కో బొమ్మకి పక్కన ఖాళీతో కలిపి ఇరవై ఎనిమిది గళ్ళు గీశారు. కాగితం మీద ఒక గడి అంటే గుడ్డ మీద ఒక ఇంటూ కుట్టు. ఈ మ్యాటీ గుడ్డలో అంగుళానికి పద్నాలుగు గళ్ళు. అంటే మనిషికి రెండంగుళాలు. ఆరుగురికి పన్నెండు. ఫ్రేము వెనక్కి మడవడానికి అటు మూడు, ఇటు మూడు. మొత్తం పద్దెనిమిది. ఎత్తు మడతలతో కలిపి పద్నాలుగు.”

“ఏడైతే వెడల్పు ఇరవై అన్నమాట.”

“గుడ్డదేముంది, రెండంగుళాలు ఎక్కువ కోసిస్తాను. ఆ ఇంట్లో రెండంగుళాల చోటు ఎవరిస్తారు? పొద్దున్నే లేచి మీ పెద్దాడు ఆ మొహం చూడాలా?”

పెద్దావిడ వేలు పెన్సిలు గీతల మీద ఆగింది. “చూడడు. దాని ఊసెత్తితేనే లేచి వెళ్ళిపోతాడట.”

“మరింకేం? ఇంతకీ ఎందుకెళ్ళిందట?”

“కోపంతో వెళ్ళింది. అత్తగారు ఏదో అంటే, మొగుడు నోరు విప్పలేదని. నాలుగు రోజులు బెదిరించి తిరిగొద్దామనుకుంది. ఎవరైనా వచ్చి పిలుస్తారని చూసింది. ఎవరూ రాలేదు. పంతం కొద్దీ ఇదీ కదల్లేదు. ఏళ్ళు గడిచాక ఒకసారి వీధి మలుపు దాకా వచ్చింది. చిన్నది పిన్ని కొంగు పట్టుకుని ‘అమ్మా’ అని పిలవడం వింది. ఇంక ఏ మొహం పెట్టుకుని గుమ్మం తొక్కుతుంది?”

“భలేవారే, మీరే వెనకేసుకొస్తున్నారు!”

“వెనకేసుకు రావడం కాదు. ఆ మలుపు దగ్గర ఇంకో పదడుగులు వేసి ఉంటే, తన్నినా తిట్టినా పిల్లల ఎదురుగా ఉండేది కదా అని.”

కత్తెరమ్మ గుడ్డ చుట్ట దించి బల్ల మీద దొర్లించింది.

“ఆరుకే కోస్తున్నానమ్మా మరి.”

“ఆగమ్మాయ్.” పెద్దావిడ గుడ్డ అంచు వేళ్ళతో తడిమింది. “మడవడానికి మూడంగుళాలు వదులుతానన్నావుగా. ఏడోది ఆ అంచులో కుడితే?”

“అంచులోనా? ఫ్రేము కట్టగానే అది వెనక్కి మడతలోకి పోతుంది. ఎవరికీ కనబడదు.”

“కనబడకపోతేనేం. వాళ్ళ పక్కనే ఉంటుంది కదా.”

కత్తెరమ్మ ఆమె మొహంలోకి ఓసారి చూసింది.

“ఎంత మనసమ్మా మీది! నేనైతే దాని కోసం సూదిలో దారం కూడా ఎక్కించను.”

పద్దెనిమిది అంగుళాల దగ్గర కత్తెర ఆడింది. గుడ్డ మడిచి కాగితంలో చుట్టాక, కత్తెరమ్మ ఒంటిచాయ దారాల డబ్బా తెరిచి, లేత గోధుమ రంగు నుంచి ముదురు చామనచాయ దాకా బల్ల మీద వరసగా పేర్చింది. పెద్దావిడ ఫోన్లో ఫొటో తను చూసుకుంటూ ఆరుగురికీ ఎంచింది.

“మరి ఆ మడతలో ఆవిడకి? ఫొటోలో లేదు కదా. ఎలా ఉండేదో తెలుసా మీకు?”

“ఇదిగో, ఈ చాయే,” అంటూ పెద్దావిడ తన చేతినే దారాల పక్కన పెట్టింది.