వారంటీ దాటిన పదకొండో రోజు

“నిన్న ఫోన్ చేస్తే ఇవాళ తీరిగ్గా వస్తావా?”

తలుపు తీస్తూనే టీచరమ్మ విరుచుకుపడింది.

గుమ్మంలో అరవై ఏళ్ల మనిషి. భుజాన పాత సంచి. చెమటకు తడిసిన చొక్కా.

“టీవీ బాగుచెయ్యడానికొచ్చానమ్మా.”

మూడు రోజుల కిందట ఆ టీవీ తనంతట తానే అప్‌డేట్ అయింది. అప్పట్నుంచీ కంపెనీ పేరు వస్తుంది, పోతుంది. అంతే.

పక్షవాతంతో మంచాన పడ్డ మామగారికి టీవీయే లోకం. మూడు రోజులుగా ఆయన గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు.

కంపెనీ వాళ్లేమో “వారంటీ అయిపోయి పదకొండు రోజులైంది మేడమ్” అన్నారు. టీచరమ్మ అరగంట దులిపేసింది. తన నోటికి జడిసే మనిషిని పంపారనుకుంది.

“చెప్పులు బయట. సంచి సోఫా మీద పెట్టకు.”

“అలాగేనమ్మా.”

అతను నేల మీద కూర్చుని టీవీకి పెన్ డ్రైవ్ తగిలించాడు. పాత సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించాలట. గంటన్నర పడుతుందట.

టీచరమ్మ బీరువాకు తాళం వేసొచ్చి, ఎదురుగా కుర్చీ లాక్కుని కాపలా కూర్చుంది.

“కాసిని మంచినీళ్లిస్తారా అమ్మా?”

“ముందు పని కానివ్వు. అంటగట్టడం వచ్చు గానీ బాగుచెయ్యడం రాదు మీకు!”

“తప్పు మాదేనమ్మా.”

ఆ ఒప్పుకోలు ఆమెకు ఇంకా ఒళ్లు మండించింది.

ఎట్టకేలకు తెర మీద బొమ్మ నిలిచింది. అతను టీవీని మంచం వైపు తిప్పాడు.

“పెద్దాయనా, బాగా కనబడుతోందా?”

మామగారి మూతి ఒక పక్కకే కదిలింది. అదే ఆయన నవ్వు.

“ఇక దానంతటది అప్‌డేట్ కాకుండా ఆపేశానమ్మా. వెనక వీధిలో ఇంకొకటుంది, వస్తాను.”

డబ్బు అడగలేదు. రసీదు లేదు. సంతకం లేదు. మెడలో కార్డయినా లేదు. ఏదో తిరకాసుందనుకుంది టీచరమ్మ. వెంటనే కంపెనీ యాప్‌లో ఫిర్యాదు రాసేసింది, వెనక వీధి సంగతితో సహా.

గంట తిరక్కుండానే ఫోన్ మోగింది. నిన్న ఆమె చేత తిట్లు తిన్న కంపెనీ అమ్మాయే.

“మేడమ్, ఎంత పని చేశారు! మావాళ్లు పోలీసుల్ని తీసుకుని వెనక వీధికి వెళ్లారు.”

“దొంగేనన్న మాట! నేనప్పుడే పసిగట్టాను.”



“దొంగ కాదు మేడమ్,” ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. “వారంటీ లేదని మేం కాదన్న ఇళ్లకు ఆయన ఒక్కరే తిరుగుతున్నారు. చిరునామాలు ఇస్తున్నది నేనే.”

“మరి పోలీసులెందుకు?”

“ఆయన ఎక్కించే సాఫ్ట్‌వేర్ మా కంపెనీ సొత్తట. బయటివాళ్లు వాడడం నేరమట.”

టీచరమ్మకు తల కొట్టేసినట్టయింది.

“ఫిర్యాదు కొట్టెయ్యమ్మా. నాదే పొరపాటని రాసుకో!”

“ఆయన్ని జీపెక్కించేశారు మేడమ్.”

మామగారి గదిలోంచి టీవీ పాట వినబడింది. ఆ గదిలోకి వెళ్లడానికి ఆమెకు మొహం చెల్లలేదు.

“ఇంతకీ... ఎవరమ్మా ఆయన?”

“మొన్నటిదాకా మా చీఫ్ ఇంజినీరు మేడమ్, ఈ అప్‌డేట్ టీవీల్ని పాడుచేస్తుంది, పంపొద్దని అడ్డుపడి ఉద్యోగం పోగొట్టుకున్న ఒకే ఒక్క మనిషి.”