పెద్ద దండ

సకల జనుల సమ్మె మూడో రోజు. మున్సిపల్ ఆఫీసు ముందు వేసిన టెంటులో కూడా హాజరు రిజిస్టరు పెట్టారు. గుమాస్తాలకు అలవాటు ఎక్కడికి పోతుంది! పదింటికల్లా మొదటి సంతకం జనన మరణాల సీటు పరమేశ్‌ది. అతను పదింటికి రావడం తోటివాళ్లు ఎన్నడూ చూడలేదు. ఆ ముచ్చటకే మైకు అతనికిచ్చారు.

"తెలంగాణ వచ్చేదాక పెన్ను ముట్టం!"

అతను గొంతు చించుకుంటుండగా పాపన్నపేట పెంటమ్మ చెప్పులు బయట విడిచి టెంటులోకి వచ్చింది.

"సారూ, ఇయ్యాల దొరికినవ్. మా ఆయన ఈడి దవాఖానల సచ్చి ఎనిమిది నెలలాయె, మీ కాయిదంల ఇంక సావకపాయె. గా సర్టిఫికెట్ ఇస్తె పొలం నా పేరు మీదికెక్కుతది."

"సమ్మె నడుస్తుందవ్వా." మైకు ఆపడం పరమేశ్ మరిచాడు.

"సమ్మె అంటే ఏం జేస్తరు బిడ్డా?"

"కుర్చీల కూసోం. పెన్ను ముట్టం. ఎవ్వరొచ్చినా కాయిదం ఇయ్యం."

పెంటమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. దీక్షలో కూర్చునేవాళ్ల కోసం తెచ్చిన బంతిపూల దండల్లో పెద్దది ఏరి, అతని మెడలో వేసింది.

"గీళ్లంత మూడొద్దుల సంది చేస్తుండ్రు. నువ్వొక్కనివే ఎనిమిది నెలల సంది చేస్తున్నవ్ గదా బిడ్డా! నాకెరుకలేక వచ్చినప్పుడల్లా తిట్టుకుంట పోయిన."