మూడో అంతస్తు వంటగది

“ఆ మనిషి పీల్చి వదిలిన గాలి నా పొయ్యి మీదికి రావడానికి వీల్లేదు,” అంది హెడ్‌నర్సు, తలుపు సగమే తెరిచి.

ఆర్కిటెక్టు పెదవి విరిచింది. ఉద్యోగం మానేసి ఏళ్లయినా ఈవిణ్ని అందరూ హెడ్‌నర్సనే పిలుస్తారు. ఈవిడా అందరినీ రోగుల్లాగే చూస్తుంది.

“నేను మాట్లాడేది గాలి గురించి కాదండీ, గోడ గురించి. మీ వంటగదికీ పక్క ఫ్లాటు వంటగదికీ మధ్య గోడ తీసేస్తే అంతస్తు మొత్తానికీ ఒకే వంటగది వస్తుంది. కరెంటు కలిసొస్తుంది, నీళ్లు కలిసొస్తాయి. కింది అంతస్తుల వాళ్లంతా ఒప్పుకున్నారు.”

“వాళ్ల పక్కన ఎవరున్నారో, నా పక్కన ఎవరున్నారో చూసి మాట్లాడు.”

“పాపం, ఆయన మీకేం అపకారం చేశాడు?”

“పొద్దెక్కేదాకా లేవడు. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతాడు. తడి తువ్వాలు బాల్కనీ కుర్చీ మీదే పడేస్తాడు. అలాంటివాడితో కలిసి వండుకోవాలా నేను?”

తలుపు మొహం మీదే పడింది.

పక్కింటి మీద నిఘా తప్ప వేరే పని లేదు కాబోలు, అనుకుంది ఆర్కిటెక్టు. ఈ భవనంలో మనుషులంటేనే ఆమెకి చులకన. పైపులు మార్చొచ్చు. డాబా మీద సోలారు పలకలు పెట్టించొచ్చు. స్నానాల నీళ్లని మరుగుదొడ్లకి మళ్లించొచ్చు. ఈ బుర్రల్ని మాత్రం ఏ మేస్త్రీ బాగు చెయ్యలేడు. ఎవరి గూట్లో వాళ్లు గడియ పెట్టుకుని, ఎదుటివాళ్ల చెత్తబుట్టలో ఏముందో తొంగి చూసుకుంటూ బతికేసే రకం.

పక్క ఫ్లాటులో గడియారాలు బాగుచేసే ఆయన ఉంటాడు. గోడల నిండా గడియారాలు, ఏ రెండూ ఒకే టైము చూపించవు. కంటికి భూతద్దం బిగించుకుని, తలెత్తకుండానే అడిగాడు.

“ఆవిడ ఒప్పుకుందా?”

“మీరు సరేనంటే ఆవిణ్ని నేను ఒప్పిస్తాను.”

ఆయన పడీపడీ నవ్వాడు. “ఆవిణ్ని ఒప్పించే మొనగాడు ఇంకా పుట్టలేదమ్మా. ఆవిడ ఏం వండినా ఆస్పత్రి వాసనే. గోడకి ఇవతలుండే తట్టుకోలేకపోతున్నాను. ఆ గోడే లేకపోతే ఇంకేమన్నా ఉందా?”

మెట్ల మీద నివాసుల సంఘం అధ్యక్షుడు ఎదురొచ్చాడు. “మేడమ్, వాళ్లిద్దరి సంగతి మీకు తెలిసినట్టు లేదు...”

“తెలుసుకునే ఓపిక కూడా లేదండీ. చాడీలు వినడానికి రాలేదు నేను. జనాన్ని కలపడం ఎలాగో చదువుకుని వచ్చాను.”

అధ్యక్షుడు పక్కకి తప్పుకుని దారిచ్చాడు.

పని ఆగిపోయింది. కొత్త పైపు ఆ గోడ దాటి వెళ్లాలి. పాతవి అప్పటికే పీకేశారు. మూడో అంతస్తులో కుళాయి తిప్పితే గాలి తప్ప ఏమీ రావడం లేదు. ఎదురు ఫ్లాటు బాలింత పిల్లని చంకనేసుకుని, రెండో చేత్తో బకెట్టు మోసుకుంటూ మెట్లెక్కుతోంది. తాత్కాలికంగా ఒక గొట్టమైనా వేయించమని మేస్త్రీ బతిమాలాడు.

“వద్దు. వీళ్లిద్దరి పంతానికి నలుగురూ ఇబ్బంది పడనీ. అప్పుడే దారికొస్తారు,” అంది ఆర్కిటెక్టు.

ఒక ఉదయం మెట్ల మలుపులో బాలింత కాలు జారింది. బకెట్టు దొర్లుకుంటూ కిందికి పోయింది. పిల్ల గుక్కపట్టింది. అంతవరకూ ఎవరికీ పూర్తిగా తెరుచుకోని తలుపు దభాలున తెరుచుకుంది. హెడ్‌నర్సు ఒక చేత్తో పిల్లని అందుకుని, రెండో చేత్తో తల్లి మడమ నొక్కి చూసింది.

“విరగలేదు. ఏడవకు. కాలు చాపు.”

గడియారాలాయన నుదుటి మీద భూతద్దంతోనే పరిగెత్తుకొచ్చాడు. ఎవరూ చెప్పకుండానే కిందికి దిగి, బకెట్టు నింపుకుని, ఆయాసపడుతూ పైకొచ్చాడు. హెడ్‌నర్సు ఆయన్ని ఎగాదిగా చూసింది.

“కింద పెట్టండి. నడుం పట్టేస్తే ఎవరు చేస్తారు?”

ఆయన వెంటనే దించాడు. ఆవిడ పిల్లని భుజాన వేసుకుని, అప్పుడే పైకొస్తున్న ఆర్కిటెక్టు వైపు తిరిగింది.

“పగలగొట్టుకో. పసిపిల్ల తల్లి చేత నీళ్లు మోయించైనా సాధించుకున్నావుగా.”

ఆర్కిటెక్టుకి ఆ మాట గుచ్చుకోలేదు. గెలిచానన్న మాటే వినిపించింది.

గోడ సమ్మెట దెబ్బలకి ఇట్టే రాలిపోయింది. “ఇది బిల్డింగుతో పాటు కట్టింది కాదు మేడమ్, తర్వాత లేపింది,” అన్నాడు మేస్త్రీ.

“ఏ కక్కుర్తి బిల్డరో ఒక ఫ్లాటుని రెండు చేసి అమ్ముకునుంటాడు. నువ్వు కానివ్వు.”

పనంతా అయ్యాక వేరే కాలనీల వాళ్లు చూడటానికి వచ్చారు. కొత్త వంటగదిలో బాలింత కూర్చుని పిల్లకి అన్నం మెత్తగా మెదుపుతోంది. పొడవాటి గట్టు దగ్గర హెడ్‌నర్సూ గడియారాలాయనా పక్కపక్కనే నిలబడి ఉల్లిపాయలు తరుగుతున్నారు.

“అంత లావు ముక్కలా?” అంది హెడ్‌నర్సు.

“చేతనైతే నువ్వే తరుక్కో.”

“చేతకాక ఇన్నాళ్లూ ఆకలితో పడుకున్నానా?”

ఆర్కిటెక్టు వాళ్ల మీదుగా చెయ్యి ఊపింది, బొమ్మల్ని చూపిస్తున్నట్టు.

“చూశారా? ఏళ్ల తరబడి పక్కపక్కనే ఉండి ఒకరి మొహం ఒకరు చూడని మనుషులు. కలిసి బతకడమంటే ఏమిటో వీళ్లకి ఓనమాలు కూడా రావు. ఒక్క గోడ తీసి, ఆ విద్య మేం నేర్పించాం.”

వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు. వాళ్లలో ఒకావిడ ముందుకొచ్చింది. “ఇంత చక్కని గదికి అసలు అడ్డుగోడ ఎవరు పెట్టారండీ?”

ఆర్కిటెక్టు జవాబు చెప్పేలోపే హెడ్‌నర్సు కత్తి కింద పెట్టి, చెంగుతో చేతులు తుడుచుకుంది.

“మాకు విడాకులిచ్చిన జడ్జిగారమ్మా.”