ఎండబెట్టిన లెన్సు

"ఎండలో పెట్టావా?" పాస్టర్ ప్రేమదాసు గొంతు లేచింది. "వడియాలనుకున్నావా అమ్మా?"

దేవమణి తలెత్తలేదు. పాస్టర్ చేతిలోని గిన్నెలో, ఉప్పునీళ్ళ అడుగున, ఆమె భర్త స్తెఫను కంటి లెన్సు పసుపురంగు తిరిగి, అంచులు చిట్లి పడివుంది.

"సీసాలో నీళ్ళు పాచివాసన కొడుతున్నాయండి. ఎండ తగిలితే శుద్ధవుద్దనుకున్నా."

నందిగామలో మే నెల ఎండకి దుప్పట్లూ దిండ్లూ శుద్ధవుతాయి. కంట్లో పెట్టుకునే మెత్తటి లెన్సు కాదు. బెజవాడ డాక్టరు ఈ సంగతి ప్రత్యేకంగా ఆమెకే చెప్పాడు. "ఎండిపోయినా ఫరవాలేదమ్మా, ఉప్పునీళ్ళలో వేస్తే మళ్ళీ మెత్తబడుతుంది. ఎండ మాత్రం తగలనివ్వకండి. అందులో కంటికి కనపడని కిరణాలుంటాయి. అవి దీని పైపొరని తినేస్తాయి. ఇక పెట్టుకుంటే కన్ను గీరుకుపోతుంది."

కన్ను ఎరుపు తగ్గేదాకా, అంటే ఆదివారం దాకా, సీసాలోనే ఉంచమన్నాడు. అది వారమంతా దాబా మీద పళ్ళెంలో మాడింది.

ఎనభై ఐదులో అలాంటి లెన్సు దొరకడమే గగనం. శుక్లాల ఆపరేషను తర్వాత ఇచ్చిన సోడాబుడ్డి అద్దాలు పెట్టుకుంటే కళ్ళు తిరుగుతున్నాయని స్తెఫను తీసి పక్కన పడేస్తే, బిషప్ గారే ఎవరితోనో చెప్పి మద్రాసు నుంచి తెప్పించారు. డాక్టరు పెట్టీ పెట్టగానే స్తెఫను చిన్నపిల్లాడిలా కేకేశాడు. "గోడ మీద బల్లి! తోకతో సహా కనపడతంది!"

ఆ ఒక్క కేకతో ఆదివారం కార్యక్రమం ఖాయమైపోయింది. బిషప్ గారు వస్తున్నారు, స్తెఫను బైబిలు వాక్యం చదవాలి. జగ్గయ్యపేట నుంచి ఈ ఊరు వచ్చేనాటికే అతని చూపు మసకబారింది. అయినా కీర్తనలు ఒక్క మాట పోకుండా కంఠతా చెబుతుంటే సంఘమంతా ముక్కున వేలేసుకునేది. ఇంతటి మనిషికి కళ్ళు లేకపోయాయే అని అందరికీ బాధ.

"ఏ భాగం చదవాలో కూడా బిషప్ గారు అక్కడే చెబుతారంట. ఎంత ఆశపడ్డారో!" పాస్టర్ కుర్చీలో కూలబడ్డాడు. "ఇంకో లెన్సు ఎప్పటికి రావాలి? ఆయన ముచ్చట తీరకుండా చేశావు గదమ్మా."

"బుద్ధుందటే నీకు?" మంచం మీంచి స్తెఫను అరిచాడు. "బిషప్ అయ్యగారికి మొహం ఎట్టా చూపించేది నేను?"

వాకిట్లో చేరినవాళ్ళు తలో మాటా అన్నారు. దేవమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు మాత్రం ఆగలేదు.

"సరే, ఈసారికి నేనే చదువుతాలెండి," అంటూ పాస్టర్ లేచాడు. ఆయన వెనకే అందరూ వెళ్ళిపోయారు.

దేవమణి తలుపు గడియ పెట్టి వచ్చి మంచం పక్కన కూలబడింది. స్తెఫను తడుముకుంటూ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"అందరి ముందూ తిట్టక తప్పలేదే," అన్నాడు.

స్తెఫనుకి అక్షరం ముక్క రాదు.