కుర్చీలు వేసిన మార్కులు

మా యూనివర్సిటీలో ఉత్తమ అధ్యాపకుణ్ణి ఇప్పుడు కుర్చీలే ఎన్నుకుంటాయి. ఎవరు కూర్చున్నారో, ఎంత కదిలారో వాటి అడుగున బిగించిన మీటర్లు రాసుకుంటాయి; పిల్లలు ఎంత కదలకుండా కూర్చుంటే పంతులు అంత గొప్పవాడని లెక్క. ఆ కుర్చీలు తుడిచే అటెండర్ని నేనే కాబట్టి నా మాట నమ్మండి. ఈ ఏడు బహుమానం త్రివిక్రమరావుగారికి వచ్చింది. ఆయన పాఠం మొదలెడితే పిల్లలే కాదు, గోడమీది బల్లి కూడా గురక పెడుతుంది.

నేలల శాస్త్రం చెప్పే హైమవతి మేడంకి సున్నా వచ్చింది. ఆవిడ బల్లమీద మట్టిగడ్డ చిదిపితే చాలు, పిల్లలంతా లేచి చుట్టూ మూగుతారు. కుర్చీలు ఖాళీ. సున్నా వచ్చినవాళ్లని ఉద్యోగంలోంచి తీసేస్తారు.

"ఒక్కసారి మీరే వచ్చి చూడండి సార్," అని మేడం ఈ మార్కులు చూసే కమిటీ పెద్ద పురుషోత్తంగారిని బతిమాలింది.

ఆయన వచ్చాడు. నేను వేసిన కుర్చీలో కూర్చోనేలేదు. మేడం మట్టిలోంచి వానపామును తీసి, అది నేలను ఎలా గుల్ల చేస్తుందో చెబుతుంటే, పిల్లల భుజాలమీదుగా తొంగిచూస్తూ గంటసేపు నిలబడిపోయాడు. "ఇంకోటి తియ్యమ్మా," అని కూడా అడిగాడు.

మర్నాడు ఆయన సంతకంతోనే కాగితం వచ్చింది. తరగతికి ఎవరూ హాజరు కాలేదట, పరిశీలకుడితో సహా. మేడంని తీసేశారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ కాగితం తీసుకెళ్లి ఆయన బల్లమీద కొట్టాను. "సిగ్గులేదటయ్యా? నా పక్కనే కదా నిలబడ్డావు."

"నిలబడ్డాను సింహాద్రీ," అన్నాడాయన కాగితం వైపు చూడకుండా. "నేను రాలేదని కుర్చీ అంటోంది. మరి వచ్చానని నేనెలా రాసేది?"